పూర్తి కాని ఓడ, నిండిన అరవై

సికింద్రాబాద్

ఓడ ఎక్కి సముద్రం మీద తిరుగుదామని బయలుదేరి, ఓడ ఎలా కడతారో చూసి వెనక్కి వచ్చినవాళ్లలో నేనొకణ్ని. నేనిది రాస్తున్న వేళకు ఆ ఓడ తొలి ప్రయాణం ముగించుకుని రెండోదానికి కూడా వెళ్లింది. టీవీలో చూపించారు. పై అంతస్తులో ఈతకొలను, దాని చుట్టూ గొడుగులు, గొడుగుల కింద జనం. ఆ జనంలో మేం లేము. ఓడ పేరు, దాన్ని కట్టిన ఊరి పేరు రాయను. మూడు రాత్రులు ఉచితంగా పడక ఇచ్చి అన్నం పెట్టినవాళ్ల ఆలస్యాన్ని పేరు పెట్టి రాయడం మర్యాద కాదు.

ఈ ప్రయాణం నాది కాదు. మా సడ్డకుడు నర్సింగరావుది. సడ్డకుడంటే తోడల్లుడు. మా ఆవిడ అరుణకు అక్క శకుంతల, ఆమె భర్త నర్సింగరావు. జనరల్ బజార్‌లో చీరల దుకాణం. వయసులో నేను ఆయన కంటే మూడేళ్లు పెద్ద. కానీ ఆయన అక్క మొగుడు, నేను చెల్లె మొగుణ్ని. అందుకని ఆయన నాకు అన్న, నేను ఆయనకు తమ్ముణ్ని. పెళ్లయిన నాటి నుంచీ ఈ లెక్క ఇంతే. దీనికి నేనింకా అలవాటు పడలేదు.

నా షష్టిపూర్తి మూడేళ్ల కిందట బోయిగూడలో మా మేడ మీద జరిగింది. షామియానా, బగారన్నం, పాత ఆఫీసు మిత్రులు నలుగురు. నర్సింగరావు కడుపునిండా తిని, చేతులు తుడుచుకుంటూ, "సాదాగ మంచిగ చేసుకున్నవ్ తమ్ముడా" అన్నాడు. సాదాగ అన్న ఆ ఒక్క మాట నాకు అరగలేదు.

ఇప్పుడు ఆయన వంతు. రెండేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంట్ వేసినప్పుడు మా వదిన ఆసుపత్రి వరండాలో కూర్చుని గంగమ్మకు మొక్కుకుంది. మనిషి బాగైతే అరవై నిండిన నాడు నీళ్ల మీద, గంగమ్మ ఒడిలో, మళ్లీ పుస్తె కట్టించుకుంటానని. దానికి హుస్సేన్ సాగర్‌లో లాంచీ చాలు. వదిన అదే అన్నది కూడా.

"లాంచీనా? జనరల్ బజార్ల తలెత్తుకుని తిరగాల్నా వద్దా నేను?" అన్నాడు నర్సింగరావు. ఇటలీలో కడుతున్న పెద్ద ఓడ, దాని తొలి ప్రయాణానికే టికెట్లు కొన్నాడు. బోయిగూడ శాస్త్రిగారు చూసి చెప్పిన ముహూర్తం, ఓడ బయలుదేరిన మర్నాడు పొద్దున పదకొండు లోపు వచ్చింది. అదీ ఆయన అదృష్టమే. ఓడ బొమ్మలున్న రంగుల పుస్తకం ఆరు నెలలు ఆయన గల్లాపెట్టె మీద ఉంది. జాకెట్టు గుడ్డ కొనడానికి వచ్చినవాళ్లు కూడా అది చూడకుండా వెళ్లలేదు.

చెల్లెలు పక్కన లేకుండా వదిన పుస్తె కట్టించుకోనంది. అందుకని మా ఇద్దరి ఖర్చూ ఆయనే పెట్టుకున్నాడు. వాళ్లది సముద్రం వైపు బాల్కనీ ఉన్న గది. మాది ఓడ నడిమధ్యన, కిటికీ లేని గది. "పండుకునేటందుకే గద తమ్ముడా, కిటికీ ఏం జేస్తవ్?" అన్నాడు. నిజమే. కిటికీ ఏం చేసుకుంటాను?

శంషాబాద్

విమానాశ్రయంలో మొదటి తకరారు కుడుకల దగ్గర వచ్చింది. వదిన పెట్టెలో పసుపు పూసిన ఎండుకొబ్బరి చిప్పలు జతలుగా కట్టి ఉన్నాయి. అవి తొందరగా అంటుకుంటాయని విమానంలోకి రానివ్వరు. తనిఖీ చేసే అమ్మాయి పెట్టె తెరిపించి, అన్నీ తీసి పక్కన పెట్టింది.

ఈ సంగతి నాకు తెలుసు. ఎప్పుడో పత్రిక డెస్కులో ఉండగా ఒక ప్రయాణికుడి కుడుకల వార్త నేనే దిద్దాను. ఇంటి దగ్గర పెట్టె సర్దుతున్నప్పుడు పక్కనే ఉన్నాను కూడా. చెప్పలేదు. వదిన ముఖం చూశాక చెప్పి ఉండాల్సిందనిపించింది. నర్సింగరావు ముఖం చూశాక పర్వాలేదనిపించింది.

"శుభమా అని పోతుంటే గిదేందమ్మా? కుడుకలు సుత బాంబులేనా?" అని ఆయన ఆ అమ్మాయితో వాదించాడు. ఆమె నవ్వి, తర్వాతి పెట్టెను పిలిచింది.

వెనిస్

దిగగానే ఫోన్లు తెరిచాం. కంపెనీ నుంచి సందేశం వచ్చి ఉంది. ఓడ ఇంకా సిద్ధం కాలేదు. తొలి ప్రయాణం రద్దు. డబ్బు వాపసు తీసుకోవచ్చు, లేదా తర్వాతి ప్రయాణాల్లో ఒకదానికి మార్చుకోవచ్చు. ముందుగానే వచ్చేసిన మాలాంటి కొద్దిమందికి ఓడ కట్టే ఊళ్లో మూడు రాత్రుల బస ఇస్తారు, రేవు కూడా చూపిస్తారు.

నర్సింగరావు దాన్ని మూడుసార్లు నా చేత చదివించాడు. ఇంగ్లిషు ఆయనకూ వచ్చు. నా నోట వింటే అర్థం మారుతుందనుకున్నాడేమో.

"రెడీ కాలేదంటే ఏందీ? ఓడనా, దర్జీ కుట్టే జాకెట్టా?"

"పైపులు, వైర్ల పని మిగిలిపోయిందట అన్నా."

"రేపు కాకపోతే ఎల్లుండి. ఎల్లుండన్న అయితదా?"

"నెల పైన పడుతుందట."

వదిన పుస్తె ఉన్న సంచిని ఒళ్లోకి తీసుకుని సామాను వచ్చే బెల్టు పక్కన కూర్చుంది. ముహూర్తం ఎల్లుండి పొద్దున.

నా సంగతి చెప్పాలి. ఆ సందేశం చదువుతుంటే నాకు ఒళ్లంతా చల్లగా, హాయిగా అనిపించింది. ఆరు నెలలుగా ఆ రంగుల పుస్తకం చూసి చూసి ఉన్నాను. వదిన మొక్కు గుర్తొచ్చింది, జాలీ కలిగింది. కానీ ముందు వచ్చింది హాయి.

"మూతి బిగబట్టుకున్నవ్ ఎందుకు?" అని అడిగింది అరుణ.

"జలుబు" అన్నాను.

ఓడల ఊరు

బస్సులో మమ్మల్ని ఆ ఊరికి చేర్చారు. హోటల్ గది కిటికీ తెరిస్తే వీధి చివర తెల్లటి పెద్ద భవనం కనిపించింది. వరసలు వరసలుగా బాల్కనీలు. ఊరు చిన్నది, ఇంత పెద్ద అపార్టుమెంటు ఎవరి కోసం కట్టారో అనుకున్నాను. దాని నెత్తిన పొగగొట్టం కనిపించాక తెలిసింది, అది ఓడ. ఊళ్లో చర్చి గంటస్తంభం దాని నడుముదాకా కూడా రాదు. మన సికింద్రాబాద్ స్టేషన్‌ను పట్టాలూ ప్లాట్‌ఫారాలతో సహా ఎత్తి దాని లోపల పెట్టవచ్చు. లోపల పెట్టాక పైన ఇంకా ఖాళీ ఉంటుంది.

ఆ ఊళ్లో కాఫీకి రెండు ధరలు. కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒకటి, కుర్చీలో కూర్చుని తాగితే దానికి రెట్టింపు. నర్సింగరావు కూర్చున్నాడు. మమ్మల్నీ కూర్చోబెట్టాడు. కాఫీ ఉగ్గుగిన్నెలో పట్టేంత వచ్చింది, రెండు గుటకల్లో అయిపోయింది. మన దగ్గర ఇరానీ హోటల్లో ఒక చాయ్ మీద పూటంతా కూర్చుని రాజకీయాలన్నీ తేల్చవచ్చు, కుర్చీకి పైసా అడగరు. ఇక్కడ భోజనానికి వెళ్తే కంచం వేసినందుకు కూడా కొంత రాశారు. బిల్లు చూసి నర్సింగరావు, "పెళ్లిల సుత కంచానికి వేరే పైసలు తీసుకోరు గదనే" అని నవ్వబోయాడు. పెళ్లి మాట నోటినుంచి వచ్చాక నవ్వు రాలేదు.

కాఫీ దుకాణం నడిపే ఆవిడకు ఇంగ్లిషు వచ్చు. ఓడ గురించి అడిగాను. ఊళ్లో ప్రతి ఇంటికీ ఆ ఓడలో ఒక మనిషి ఉన్నాడట. పైపులవాళ్లు వైర్లవాళ్లను తిడతారు. వైర్లవాళ్లు గోడలవాళ్లను తిడతారు. అందరూ కలిసి పై ఆఫీసును తిడతారు.

"ఆలస్యానికి సిగ్గుగా లేదా?" అన్నాను.

"సిగ్గెందుకు? కాలేదు కాబట్టి కాలేదన్నారు" అంది.

ఆ మాట విని ఆమె మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. నేను బతుకంతా దినపత్రికలో పనిచేశాను. అచ్చుకు వెళ్లే వేళకు వార్త సగమే తెలిసినా పేజీ వెళ్లిపోయేది. ముఖ్యమైన మనిషి ఫోను ఎత్తకపోయినా వెళ్లిపోయేది. నాకు తెలిసి ఒక్కరోజు కూడా మేం పాఠకుడికి, "ఈరోజు పత్రిక ఇంకా పూర్తి కాలేదు, మరో నెల ఆగండి" అని చెప్పలేదు. వేలమంది టికెట్లు కొన్నాక కూడా కాలేదని చెప్పగలిగిన ఆ ధీమా ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకునే వయసూ దాటింది.

రఫీక్

కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆవిడే ఒక వీధి చూపించింది. మలుపు తిరగగానే మా సికింద్రాబాద్ మహంకాళి వీధిలోకి వచ్చినట్టయింది. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, తమలపాకులు, ఎండుచేపలు. దుకాణాలన్నీ బంగ్లాదేశ్‌వాళ్లవి. ఓడ పనికి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డారు. అరుణ తమలపాకులను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అక్కడ కలిశాడు రఫీక్. నీలం రంగు పనిబట్టల్లో కూరగాయలు ఏరుకుంటున్నాడు. ఓడలో వెల్డింగు పని. మా హైదరాబాదీ హిందీ విని ఆయనే పలకరించాడు. కొబ్బరికాయ చెవి దగ్గర ఊపి నీళ్లు చూసి ఇచ్చాడు. పసుపు, బియ్యం ఇప్పించాడు. తర్వాత పక్కనున్న చిన్న హోటల్లో కూర్చోబెట్టి అన్నం, ఆవనూనెతో చేసిన చేపల పులుసు తినిపించాడు. అక్కడ కంచానికి ధర లేదు. కూర్చున్నందుకూ లేదు.

ఓడ కట్టడం గురించి నాకు తెలిసిన కొంచెం ఆయన చెప్పిందే. ఇల్లు కట్టినట్టు కిందినుంచి పైకి కట్టరట. ఓడను పెద్దపెద్ద ముక్కలుగా వేరువేరు చోట్ల చేసి, క్రేనుతో ఎత్తి తెచ్చి ఒకదానికొకటి అతికిస్తారు. గదులు బయట కార్ఖానాలో మంచం, అద్దం, స్నానాలగదితో సహా తయారై వస్తాయి. సొరుగులు తోసినట్టు ఓడలోకి తోసేస్తారు. లాలాగూడ వర్క్‌షాప్‌లో రైలుపెట్టెలకు సీట్లు, ఫ్యాన్లు బిగించడం నేను చూశాను, ఒకసారి దాని మీద రాశాను కూడా. అదే పని, కాకపోతే ఇక్కడ రైలంతా ఒక సొరుగులో పడుతుంది.

"మరి ఆలస్యం ఎందుకు?"

పైపులు వేశాక చూస్తే వైర్లకు దారి లేదట. వైర్ల కోసం పైపులు తీశారు. మళ్లీ వేస్తే గోడ నిలవలేదు. ఆయన నవ్వుతూ చెప్పాడు. "మా అతుకు మాత్రం టైముకే అయింది సాబ్" అన్నాడు.

నర్సింగరావుకు ఇవేవీ ఎక్కలేదు. "ఎవలన్న చిన్న పడవ ఇస్తరా? అర్ధగంట చాలు" అని అడిగాడు. రఫీక్ ఆకాశం వైపు చూశాడు. ఆ తీరంలో చలికాలంలో కొండల మీదినుంచి ఒక గాలి దిగుతుంది. మర్నాడు ఆ గాలి ఉందని, చిన్న పడవలన్నీ కట్టేస్తారని చెప్పాడు.

"ఓడలోకి ఎక్కనిస్తరా?"

"బయటివాళ్లను రానివ్వరు భాయ్‌సాబ్. ఒక్క మద్రీనాను తప్ప."

మద్రీనా అంటే ఏమిటని అడిగాను. అక్కడ ప్రతి ఓడకూ ఒక తల్లిలాంటి ఆడమనిషిని ఎంచుకుంటారు. పేరు పెట్టే రోజున ఆమె ఓడ ముక్కుకు సీసా కొట్టి దీవిస్తుంది. సీసా పగలకపోతే పనివాళ్లందరి ముఖాలూ మాడిపోతాయి. మనకు కొబ్బరికాయ కుళ్లితే ఎలా ఉంటుందో అలాగే. ఈ ఓడ మద్రీనా ఎవరో ఇంకా చెప్పలేదట. ఎవరో గొప్పావిడ, ఈ వారంలో చెప్పాపెట్టకుండా వచ్చి ఓడ చూసి వెళ్తుందని పనివాళ్ల మధ్య పుకారు.

"అదృష్టవంతురాలు" అంది వదిన. తమలపాకులు కొంగులో మూటకట్టుకుంది.

రేవు గేటు

ముహూర్తం నాటి పొద్దున గాలి మొదలైంది. తలుపు తెరిస్తే చేతిలోంచి లాక్కుంటోంది. నర్సింగరావు తెల్లవారకముందే చేపల రేవుకు వెళ్లి వచ్చాడు. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. ఒక ముసలి జాలరి ఈయన నోట్లు తీస్తుంటే చూసి, వేలితో తన నుదుటి మీద కొట్టుకుని చూపించాడట. నీకు పిచ్చా అని.

"గిట్లయితదనుకోలేదు తమ్ముడా" అన్నాడు. పట్టు పంచె మీద కోటు తొడుక్కుని, హోటల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ను అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. చూసి బాధపడ్డాను. బాగుంది కూడా.

రేవు చూపించడానికి వచ్చిన అమ్మాయి పేరు ఎలేనా. తలకు హెల్మెట్లు, ఒంటికి పసుపుపచ్చ కోట్లు ఇచ్చింది. వదిన పట్టుచీర మీద ఆ కోటు, పూలు పెట్టుకున్న కొప్పు మీద హెల్మెట్. చేతిలో పళ్లెం, పైన ఎర్రగుడ్డ. ఓడను గట్టు మీదినుంచే చూడాలి. నమూనా కోసం గట్టు మీద కట్టిన ఒక గది ఉంది, దాన్ని లోపలికి వెళ్లి చూడవచ్చు. ఓడలోకి మాత్రం వీల్లేదు.

"మేడం, పది నిమిషాలు. ఓన్లీ టెన్ మినిట్స్" అన్నాడు నర్సింగరావు.

"క్షమించండి."

"ఫైవ్."

చీర బేరంలో ఆయన ఎప్పుడూ తగ్గడు. ఆ రోజు తనకు తానే తగ్గించుకుంటూ పోయాడు. ఎలేనా పాపం మళ్లీ క్షమించమంది. పదకొండు కావస్తోంది. ఆ ఊళ్లో ఆ పొద్దున నీళ్ల మీద ఉండి, గాలికి కదలకుండా నిలబడ్డది ఆ ఓడ ఒక్కటే. అది మా ముందే ఉంది. మధ్యలో ఒక ఇనుప వంతెన.

అప్పుడే వదిన ఆ వంతెన వైపు నడిచింది. ఎక్కుదామని కాదు. దగ్గరగా నిలబడి దండం పెట్టుకుందామని. ఆమె తల మీదుగా క్రేను కొక్కెం కదులుతోంది.

"వదినా! వదినా!" అని అరిచాను.

వంతెన దగ్గర బ్రూనో అనే పెద్దమేస్త్రి ఉన్నాడు. నెరిసిన మీసం, చెవులకు శబ్దం వినపడకుండా పెట్టుకునే డిప్పలు. నా అరుపు విని డిప్పలు తీశాడు. వదినను చూశాడు. పట్టుచీర, పూలు, పళ్లెం.

"మద్రీనా?" అన్నాడు.

"వదినా, ఆగు!" అన్నాను నేను మళ్లీ.

ఆ గాలిలో వాళ్ల చెవులకు నా మాట ఎలా వినబడిందో నాకు ఆ క్షణంలో తెలియలేదు. బ్రూనో హెల్మెట్ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. వెనకున్న పనివాళ్లూ తీశారు. ఒకడు వంతెన అడ్డుకడ్డీ ఎత్తాడు. వదిన ఒక్కసారి నా వైపు చూసి, వాళ్లు చేయి చూపిన వైపు నడిచింది. పిలిచారు, వెళ్లింది. నర్సింగరావు ఆమె వెనకే పరిగెత్తాడు. మేమూ పరిగెత్తాం. ఎలేనా అవతల ఫోన్లో ఉంది.

తొమ్మిదో అంతస్తు

ఓడ పక్కనే కట్టిన పనివాళ్ల లిఫ్టులో తొమ్మిదో అంతస్తుకు తీసుకెళ్లారు. పెద్ద హాలు. ముందు ముందు అక్కడ నాట్యాలు జరుగుతాయట. అప్పటికి కప్పు లేదు, వేలాడే వైర్లు ఉన్నాయి. నేల మీద తివాచీ లేదు, ఇనుము ఉంది. ఎక్కడ చూసినా సుత్తుల చప్పుడు. మా వెనకాలే ఒక్కొక్క చప్పుడూ ఆగుతూ వచ్చింది. పనివాళ్లు మూగారు. వాళ్లలో రఫీక్ కూడా ఉన్నాడు. వదినను చూసి నోరు తెరిచాడు.

బ్రూనో నాతో వచ్చీరాని ఇంగ్లిషులో, "మీ మద్రీనా ఏ భాష మాట్లాడతారు?" అని అడిగాడు.

అప్పుడు తెలిసింది.

నర్సింగరావుకూ తెలిసింది. బేరం చేసేవాడికి అవతలివాడి పొరపాటు తొందరగా అందుతుంది. నా పక్కకు వచ్చి, పెదవులు కదపకుండా, "తమ్ముడా, నువ్వు జెర నోరు మూసుకుంటే చాలు" అన్నాడు.

తప్పు కనబడితే దిద్దడం నా వృత్తి. కానీ ఆ రోజు నా నోరు తెరిపించింది వృత్తి కాదు. ఆయన ముఖంలో జనరల్ బజార్ మళ్లీ కనబడింది. ఇంటికి వెళ్లాక ఈ కథ ఆయన చెప్పబోయే తీరు వినబడింది.

"ఈమె మద్రీనా కాదు" అన్నాను. "నేను పిలిచింది మా భాషలో వదినా అని."

బ్రూనో ముఖం మారింది. పనివాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నర్సింగరావు చూసినట్టు ఇంతకు ముందు నన్నెవరూ చూడలేదు. వదినకు ఇంగ్లిషు రాదు. ఏదో చెడిందని మాత్రం గ్రహించి పళ్లెం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"వదినా అంటే?" అని అడిగాడు బ్రూనో.

"నా భార్యకు అక్క."

"అంతేనా?"

అంతే అని ఊరుకుంటే సరిపోయేది. కానీ సగం చెప్పి వదిలితే అది దిద్దినట్టు కాదు. "మా దగ్గర వదినను తల్లి స్థానంలో చూస్తాం" అన్నాను. అది నిజం కాబట్టి చెప్పాను. కాకపోయి ఉంటే బాగుండేది.

బ్రూనో కాసేపు మీసం దువ్వుకున్నాడు. పనివాళ్ల వైపు తిరిగి తన భాషలో ఏదో చెప్పాడు. అందులో మాద్రె, మాద్రె అని రెండుసార్లు వినబడింది. మద్రీనా అన్నా మూలం అదేనట, అమ్మ. ఒకడు నవ్వాడు. అందరూ నవ్వారు. అంతలో ఎలేనా రొప్పుతూ వచ్చింది. బ్రూనో, ఆమె చేతులు ఊపుకుంటూ వాదించుకున్నారు. మా దగ్గర విన్న గంగమ్మ మొక్కు గురించి రఫీక్ ఇటాలియన్‌లో మధ్యమధ్య అందించాడు. చివరికి ఎలేనా రెండు చేతులూ పైకెత్తి, "పావుగంట. హెల్మెట్లు తీయకూడదు" అంది.

రంగుడబ్బాలు రెండు బోర్లించారు. అవే పీటలు. నర్సింగరావు ఫోను తీసి బోయిగూడ శాస్త్రిగారికి వీడియో కలపబోయాడు. కలవలేదు. చుట్టూ ఇంత ఇనుము ఉంటే ఫోను పనిచేయదట.

"తమ్ముడా" అన్నాడు. "నీకు చదువస్తది. ఏదన్న ఒకటి చదువు."

నేను మంత్రాలు చదివే మనిషిని కాను. పుస్తె కట్టేటప్పటి మంత్రం ప్రతి పెళ్లిలో విన్నదే, కానీ సగమే వచ్చు. ఆ సగాన్నే రెండుసార్లు చదివాను. నర్సింగరావు చలికి వేసుకున్న చేతితొడుగులు తీసేసి పుస్తె పట్టుకున్నాడు. ముడి పడటం లేదు. వదిన హెల్మెట్ వంచి ఓపికగా కూర్చుంది. "తొందరేం లేదు, మెల్లగ కట్టు" అంది.

ముడి పడగానే నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "గట్టిమేళం! గట్టిమేళం!"

ఎవరూ కదల్లేదు. అక్కడ మేళం ఎక్కడుంది? రఫీక్ నా వైపు చూశాడు. "బజావో భాయ్!" అన్నాను. ఆయన చేతిలో సుత్తి ఉంది. పక్కన ఇనుపస్తంభం ఉంది. కొట్టాడు. పక్కవాడు స్పానరుతో కొట్టాడు. బ్రూనో కూడా పైపుముక్క తీసుకుని నేల మీద కొట్టాడు. తొమ్మిదో అంతస్తు మోగింది. పైన పదో అంతస్తువాళ్లు ఎందుకో ఏమో అందుకున్నారు, కిందివాళ్లూ అందుకున్నారు. ఓడ ఓడంతా మోగింది. అరుణ చల్లిన అక్షింతలు హెల్మెట్ల మీద పడి చిటపటలాడి, నేలలో మూయని సందుల్లోంచి ఓడ కడుపులోకి జారిపోయాయి.

నేను ఆ మోత మధ్యలో నిలబడి ఆలోచించాను. ఓడ టైముకు సిద్ధమై ఉంటే నర్సింగరావు వేలమందిలో ఒకడయ్యేవాడు. ఏదో ఒక మూల హాల్లో, పక్క హాల్లో ఇంకెవరిదో పుట్టినరోజు పాట వినిపిస్తుండగా, పుస్తె కట్టేవాడు. ఆలస్యం వల్ల ఆ ఓడలో మొదటి శుభకార్యం ఆయనది అయింది. వెనిస్‌లో నాకు హాయినిచ్చిన ఆలస్యమే. దారి తెరిపించిన అరుపూ నాదే. ఆ దారి మూద్దామని తెరిచి, తల్లి మాట చెప్పి దాన్ని ఇంకా వెడల్పు చేసిన నోరూ నాదే. ఆఖరికి పురోహితుణ్ని కూడా నేనే.

కళ్లలో నీళ్లు తిరిగాయి. వెల్డింగు పొగ అనుకుందామన్నా ఆ పావుగంట వెల్డింగు ఆగి ఉంది.

నర్సింగరావు లేచి నా కళ్లు చూశాడు. రెండు చేతులూ చాచి వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. మా హెల్మెట్లు ఠంగున కొట్టుకున్నాయి.

"చూస్తివా అరుణా! ఇందాక నేనే తప్పుగ అనుకున్న. ఎంత ప్రేమనో చూడు, ఏడుస్తున్నడు తమ్ముడు!"

అరుణ పళ్లెంలో మిగిలిన అక్షింతలు నా నెత్తిన కూడా వేసింది.

"అవ్ బావా" అంది. "నీ మీదనే ఏడుస్తున్నడు."